డాష్‌బోర్డు వెనక చప్పుడు

కార్ల ఏసీలు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో చిన్నాపెద్దా అంతా ఐస్ బావ అనే పిలిచేవారు. ఆయన భార్య పుట్టిపెరిగింది ఆ వీధిలోనే. అల్లుడు కాబట్టి అందరికీ బావ అయ్యాడు. చేసే పనిని బట్టి ఐస్ తగిలించారు. రేకుల షెడ్డు, ముందు కస్టమర్లు కూర్చునే బల్ల, లోపల గ్యాస్ సిలిండర్లు, మేకుకి వేలాడే మీటర్లు. పనిలో తోడు సొంత బావమరిది. అతను నెమ్మది మనిషి. మాట్లాడే పని కూడా ఐస్ బావే చూసుకునేవాడు.

బానెట్ ఎత్తకముందే రోగం చెప్పెయ్యడం ఐస్ బావ అలవాటు. ఇంజన్ మీద చెవి వంచి, కళ్ళు సగం మూసి, "ఇదిగో, దొరికింది" అనేవాడు. బల్ల మీద వాళ్ళు ఆ మాట కోసమే ఎదురుచూసేవారు.

వేసవిలో ఒకరోజు, ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆవిడ కారు తెచ్చింది.

"గాలి బాగానే వస్తోందండీ, చల్లగా మాత్రం రావట్లేదు. ముందు పక్క లోపల టిక్‌టిక్‌మని ఏదో కొట్టుకుంటోంది కూడా."

ఐస్ బావ సీట్లో కూర్చుని చెవి వంచాడు. "చప్పుడా? ఏం లేదమ్మా. గ్యాస్ తగ్గుంటుంది."

మీటరు పెడితే గ్యాస్ నిజంగానే కొంచెం తగ్గింది. నింపి, "ఇంక స్వెట్టరు వేసుకుని నడపండి" అని పంపించాడు.

మర్నాడే ఆవిడ తిరిగొచ్చింది. ఈసారి ఐస్ బావ ఇంజన్ పక్కనుంచి లోపలికి వెళ్ళే గొట్టం పట్టుకుని చూశాడు. చేతికి జిల్లుమంది, మీద నీటిబొట్లు కూడా పట్టాయి. కారు లోపల మాత్రం గోరువెచ్చటి గాలి. అంటే చల్లదనం తయారవుతోంది, లోపలికి వెళ్ళాక ఎక్కడో పాడవుతోంది. ఆ ముక్క దగ్గర ఆగి కాస్త ఆలోచించి ఉంటే గొడవే ఉండేది కాదు. కానీ బల్ల నిండా జనం. అందరి చూపూ తనమీదే.

"ఆ చప్పుడు సంగతి చూశారా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది. "ఇప్పుడు కూడా వస్తోంది."

ఐస్ బావ మరోసారి చెవి వంచాడు. తల పైకెత్తి బల్ల వైపు తిరిగాడు.

"పొద్దస్తమానం కేకులు గిలక్కొట్టే మిషను పక్కన కూర్చుంటారు కదమ్మా. అది మీ చెవుల్లోనే మోగుతున్నట్టుంది!"

బల్ల మీద వాళ్ళు గొల్లుమన్నారు. ఆవిడ మొహం కందిపోయింది. బావమరిది ఏదో చెప్పబోతే, "నువ్వుండరా" అని అడ్డుకున్నాడు. కారు ముందున్న జాలీకి పట్టిన దుమ్ము నీళ్ళతో కడిగి, "ఈ ఎండలకి అంతేనమ్మా, కాసేపు నడిపితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ చేతుల్లో పెద్ద అట్టపెట్టె ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. మూడంతస్తుల కేకు ఓ పక్కకి ఒరిగిపోయింది. క్రీము గులాబీలు జారి కింద ముద్దగా పడున్నాయి. పైన రాసిన పేరులో సగం అక్షరాలు కారిపోయాయి.

"పెళ్ళివాళ్ళు వద్దన్నారు," అంది ఆవిడ. "వెనక్కి తెస్తూ దారిలో మీకు చూపిద్దామని ఆగాను."

అరిచినా బాగుండేది. ఆవిడ అరవలేదు.

ఈలోగా బావమరిది కారులో కూర్చుని, ఏసీ నాబ్‌ని వేడి వైపు నుంచి చలి వైపుకి, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"బావా, చప్పుడుంది."

"ఎక్కడరా?"

"ఇక్కడ, డాష్‌బోర్డు వెనక. గట్టిగానే కొడుతోంది."

ఐస్ బావ కూర్చుని డాష్‌బోర్డుకి చెవి ఆనించాడు. ఫ్యాను గాలి హోరు తప్ప ఏమీ లేదు. బల్ల మీద కూర్చున్న పెద్దాయన, అంత దూరం నుంచి, "అవును, టిక్‌టిక్‌మంటోంది" అన్నాడు.

బావమరిది ఐస్ బావ చెయ్యి పట్టుకుని డాష్‌బోర్డు కిందికి తోశాడు. వేళ్ళకి తగిలింది. నాడి కొట్టుకున్నట్టు, ఆగకుండా.

వేడిగాలీ చల్లగాలీ కలిసేచోట చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తిప్పే బుల్లి మోటారు పళ్ళు అరిగిపోయి, తిరగలేక కొట్టుకుంటోంది. తలుపు వేడి వైపే ఉండిపోయింది. డాష్‌బోర్డులో సామాన్లు పెట్టుకునే అర విప్పి ఆ మోటారు మార్చేసరికి మంచులాంటి గాలి కొట్టింది. మార్చింది బావమరిది. ఐస్ బావ పక్కన నిలబడి స్క్రూలు అందించాడు.

అలా నిలబడి చూస్తున్నప్పుడే ఒక సంగతి కంటపడింది. బావమరిది తనతో ఏం చెప్పినా పని ఆపి, ఎదురుగా తిరిగి, గొంతు పెంచి చెబుతున్నాడు. ఆవిడతో మాత్రం తల ఎత్తకుండా మామూలుగా మాట్లాడుతున్నాడు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. బాగుచేసిన ప్రతి కారునీ బావమరిది ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. "షికార్లు ఎక్కువయ్యాయిరా నీకు" అని తను అందరిముందూ ఎన్నిసార్లు దెప్పాడో. తనకి వినపడని చప్పుళ్ళు విని రావడానికి వెళ్ళేవాడన్నమాట.

ఇంటికెళ్ళి భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు చెవుడా?"

ఆవిడ మడత పెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది. "కొంచెం."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానండీ, చాలాసార్లు. మీకు వినపళ్ళేదు."

అని ఆవిడకే నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. ఆవిడ నవ్వు ఆపేసింది.

"ఎవరెవరికి తెలుసు?"

"వీధి మొత్తానికి తెలుసు. మీరు చిన్నబుచ్చుకుంటారని ఎవరూ అనరు."

తెల్లారాక కేకులావిడ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో కేకు పెట్టెలకోసం నలుగురు నిలబడున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు. ఎగతాళి చేసింది నలుగురిలో కదా అని, అక్కడే అనేశాడు.

"మీ చెవుల్లో ఏం లేదమ్మా. లోపం నా చెవులది. నాకు వినపళ్ళేదు."

ఆవిడ చేతులకంటిన పిండి తుడుచుకుంది. "వినపడకపోతే మీరు మాత్రం ఏం చేస్తారండీ. నాకు వినపడ్డంలేదు, ఇంకొకరిని అడుగుతానంటే సరిపోయేది. అంతమందిలో నన్నెందుకు నవ్వులపాలు చేశారు?"

ఆయన తలొంచుకున్నాడు. ఆవిడే, "ఇంక ఏదైనా వస్తే మీ బావమరిదికి చూపిస్తాను, ఏమనుకోకండి" అని లోపలికి వెళ్ళింది.

ఆ వారంలోనే భార్య ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతికో మీట ఇచ్చారు. శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల ఒక అమ్మాయి మిషను ముందు కూర్చుంది. మొదట్లో రెండు మూడు వినపడ్డాయి. తర్వాత నిశ్శబ్దం. ఆ అమ్మాయి చెయ్యి కదిలినప్పుడల్లా ఐస్ బావ మీట నొక్కడం మొదలుపెట్టాడు. అలా నొక్కుతున్నానని కొంతసేపటిదాకా ఆయనకే తెలియలేదు.

మీట ఒళ్ళో పెట్టుకుని, హెడ్‌ఫోన్ తీగ చిక్కుపడకుండా పట్టుకుని, కుర్చీని గోడవైపుకి తిప్పుకున్నాడు. "మళ్ళీ మొదట్నుంచి పెట్టమ్మా" అన్నాడు.