డబ్బా అడుగు తడిమిన మా బావ

మా అక్క మొగుడు టాంజానియాలో ఒక పెట్రోలు డిపోలో పనిచేస్తాడు. సెలవుకు వచ్చినాడు. ఈ పొద్దు ఇద్దరం బండిమీద గార్లదిన్నెకు పోతా దారిలో బంకు దగ్గర ఆగినాం. బంకాయన పైపు ఎత్తేలోపలే బావ అడ్డం పడినాడు. "ముందు ఐదు లీటర్ల కొలత డబ్బా తీస్కరాప్పా" అన్నాడు.

పాపం, ఆయన తెచ్చి పట్టి చూపించినాడు. మీటరు ఐదు అనేసరికి పెట్రోలు సరిగ్గా గీతకాడికి వచ్చింది. "ఇంక పోదాం పా బావా" అన్నా. కదల్లేదు. డబ్బా ఎత్తి అడుగంతా చేత్తో తడిమినాడు. అడుగు లోపలికి సొట్ట పెడితే, తక్కువ పోసినా గీత అందుతుందంట! సొట్ట లేదు. "టాంజానియాలో పెట్రోలు డిపోలో పనిలేప్పా ఈయనకు" అని బంకాయనకు సర్దిచెప్పినా.

బంకాయనకు ఒళ్లు మండింది. "ఏమన్నా, ఇంత అనుమానమా? ఆ దేశంలో అంత మోసం చేస్తారా?"

"ఆడ కొలిచేది నేనే గదప్పా" అన్నాడు బావ.

బంకాయన పడిపడి నవ్వినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ దేశం పోయిన మూడేండ్లకే బావ లేపిన రెండంతస్తుల మిద్దె అప్పట్నుంచీ కండ్లముందు ఆడతాండాది. దాని గృహప్రవేశంలో రెండు పూట్లా తిన్నోణ్ని, ఇప్పుడు ఏమని అడిగేది? మీరైతే అడుగుతారా?