పసుపును సరిచేసిన ఇంజనీరు

కుదిరిన పెళ్ళి చెడగొట్టడానికి శత్రువులే అక్కర్లేదు, కెమెరాలు తయారుచేసే అన్నయ్య ఒకడుంటే చాలు. ఆ అన్నయ్యను నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జపానులో డిజిటల్ కెమెరాల కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఫొటోలో ఏ రంగైనా మోతాదు మించితే కెమెరా తనంతట తానే తగ్గించేలా చేయడం నా పని. నా గర్వాన్ని తగ్గించే యంత్రం మాత్రం అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు.

రాజోలులో పిన్ని కూతురు సుజాత పెళ్ళికి ఆ కెమెరాతో దిగాను. దిగీ దిగగానే స్టూడియో ఫొటోగ్రాఫర్ని పంపించేశాను.

"అదేంట్రా, పాపం రమ్మని పిలిచింది మేమే కదా" అంది పిన్ని.

"రీలు కెమెరాల కాలం అయిపోయింది పిన్నీ. రంగులెలా వస్తాయో చూద్దువుగాని."

చూసింది. సుజాతను పెళ్ళికూతుర్ని చేసిన రోజు ముఖానికి పసుపు, ఒంటికి పసుపు చీర, వెనక పసుపు గోడ. చకచకా ఫొటోలు తీశాను. ఆ పసుపు ఆరకముందే ఆత్రేయపురం నుంచి మగపెళ్ళివారు వచ్చారు. పెళ్ళికొడుకు నాయనమ్మగారు అమ్మాయిని అదే మొదటిసారి చూడటం. పూతరేకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు.

"అమ్మాయిని తీసుకురమ్మంటారాండీ?" అంది పిన్ని.

"ఉండు పిన్నీ, ముందు ఫొటోలు చూడనీ" అని కెమెరాను టీవీకి తగిలించాను.

అంత పసుపు చూసి కెమెరా ఏదో పొరపాటు జరిగిందనుకుంది. పెళ్ళికూతుళ్ళ సంగతి దానికి ముందే చెప్పి ఉండాల్సింది ఎవరంటారా? నేనే లెండి. పసుపంతా తీసి పారేసింది. టీవీ నిండా సుజాత, బూడిద రంగు ముఖంతో, నీలం పెదాలతో, విషజ్వరం వచ్చి లేచినదానిలా ఉంది.

"అమ్మాయికి ఒంట్లో బాగోలేదేంటండీ?" అన్నారు నాయనమ్మగారు. డబ్బాను మెల్లగా తనవైపు లాక్కున్నారు.

"అబ్బే, లేదండీ! కెమెరా సరిచేసిందండీ" అన్నాను.

"సరిచేస్తేనే ఇలా ఉందా బాబూ? చెయ్యకముందు ఎలా ఉండేదో!"

పిన్ని ముఖం ఫొటో కంటే పాలిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే రాజోలులో నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు. ఇంతలో సుజాత విసురుగా వచ్చి, పసుపు ముఖంతో టీవీ పక్కన నిలబడింది.

"సుజాతని నేనండీ. అది మా అన్నయ్య తెలివండీ."

నాయనమ్మగారు ఆ ముఖాన్నీ ఈ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, పడీ పడీ నవ్వారు. "ఆయ్! పిల్ల బంగారంలా ఉందండీ. ఆ బాబుని మాత్రం పెళ్ళిలో కెమెరా ముట్టుకోనివ్వకండి" అంటూ డబ్బా సుజాత చేతిలో పెట్టారు. నేను వెళ్ళి ఫొటోగ్రాఫర్ని బతిమాలి తీసుకొచ్చాను.

కొన్నేళ్ళకు కెమెరాలు వదిలేసి కరెంటు బళ్ళ కంపెనీలో చేరాను. బళ్ళకు రంగుల గొడవ ఉండదు కదా! పిన్నికి ఒక స్కూటరు తెచ్చాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"ఇంక స్టార్ట్ చెయ్యరా."

"చేశాను పిన్నీ."

పిన్ని వంగి చెవి పెట్టింది. చప్పుడు లేదు. లేచి నావంక చూసింది.

"దీన్ని కూడా సరిచేసేవేంట్రా?"

నిమ్మకాయల సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో పిన్ని ఇంట్లో దేన్నీ సరిచేయను. ఆవిడ గోడ గడియారం వెనక్కి నడుస్తోంది. నడవనివ్వండి.