జబ్బకు కట్టిన బిళ్ళ

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే ఆటపట్టించి నోరు మూయించే మనిషిని నేను. వనపర్తిలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. కత్తెరకు దొరకని దేన్నీ నమ్మినదాన్ని కాదు.

పోయినేడు వేపలు పూతమీదున్న రోజుల్లో తమ్ముడు సలీంకు హైదరాబాద్‌లో కొలువు దొరికింది. వాడికి గది చూడటానికి ఇద్దరం బయలుదేరాం.

మా ఇళ్ళల్లో దూరం పోయేవాళ్ళ కుడి జబ్బకు కాపుగా ఇమాం జామీన్ కడతారు. రూపాయి బిళ్ళను గుడ్డలో పెట్టి కుట్టేస్తారు. క్షేమంగా తిరిగొచ్చాక విప్పి, ఆ బిళ్ళను దానం చేస్తారు. అమ్మ మా ఇద్దరికీ నా కళ్ళముందే కుట్టి కట్టింది.

"సిటీల ఎవరన్న జూస్తే నవ్వుతరమ్మా" అని సణిగాడు సలీం.

"నవ్వనీ. ఇంటికొచ్చేదాంక ఇప్పకు" అంది అమ్మ.

దారి పొడవునా మోదుగులు ఎర్రగా పూశాయి. సిటీలో రోడ్ల పక్కన గులాబీరంగు పూలచెట్లు. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

గది ఒక పాత మేడ పై అంతస్తులో ఉంది. మిట్టమధ్యాహ్నం, కిటికీలు తెరిచే ఉన్నాయి. బయట ఎండ మండుతుంటే లోపలి గచ్చు మాత్రం బావినీళ్ళంత చల్లగా తగిలింది.

"మస్తుందక్కా, ఇదే ఖాయం జేద్దాం" అంటూ సలీం గోడవారన కూర్చున్నాడు. వాణ్ణి అక్కడ చూడగానే, వీడు ఇక్కడుంటే మాకు దక్కడనిపించింది. ఎందుకో చెప్పలేను. యా అల్లా, నాకున్న కాపుదల కూడా వీడికే ఇయ్యి అని మనసులో అనుకున్నాను.

ముందు వాడు, వెనక నేను దిగుతున్నాం. కూరగాయల సంచితో ఎక్కుతున్న ఒక పెద్దావిడ మాకు దారిచ్చి గోడకు ఒదిగింది. మేం దాటినా, ఇంకెవరికో దారిస్తున్నట్టు కదల్లేదు. మలుపులో తలెత్తితే, ఆమె చూపు నామీద కాదు, నా వెనకాలే మెట్టు మెట్టూ దిగుతోంది. తిరిగి చూశాను. మాకూ ఆమెకూ నడుమ మెట్లమీద ఎవరూ లేరు.

ఇంటికి రాగానే అమ్మ సలీం గుడ్డ కుట్లు కోసింది. రెండు బిళ్ళలు పడ్డాయి. నా గుడ్డను చేతిలోకి తీసుకుని నొక్కిచూసింది.

"ఏందే, ఉత్తగున్నది?"

నేనే కోసి చూశాను. ఏమీ లేదు. కోసేముందు కుట్లన్నీ పరీక్షగా చూశాను, అమ్మ వేసినవే. విప్పి మళ్ళీ కుడితే పాత సూది రంధ్రాలు కనబడతాయి. రోజూ ఆ పని చేసే నాకు ఒక్కటీ కనబడలేదు. గుడ్డ దారిలో జబ్బ దిగిందీ లేదు.

"ఏం జూసిన్రు ఆడ?" అంది అమ్మ. నేను ఉత్త గుడ్డను మడిచాను. "ఆ రూము వద్దు బిడ్డా" అంది వాడితో. సలీం ఈసారి సణగలేదు. వేరే గది చూసుకున్నాడు. బాగానే ఉన్నాడు.

నేను అడుక్కున్న మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక్క బిళ్ళతో ఆగనిది ఆ గదిలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు మెట్లమీద వాడి వెనక, ఉత్త గుడ్డ కట్టుకుని దిగింది నేను. ఇప్పుడు ఎక్కడ మెట్లు దిగినా ఎదురొచ్చేవాళ్ళ కళ్ళే చూస్తాను, నన్ను దాటి నా వెనక్కి పోతాయేమోనని.