గోడ పక్క మ్యాన్‌హోల్

2022 ఎండాకాలం. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల వెనక ఉన్న చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను కెమిస్టును. శుద్ధి చేసిన నీళ్లు ఓపెన్‌కాస్టు బొగ్గుగని రోడ్ల మీద దుమ్ము అణచడానికి ట్యాంకర్లలో వెళ్తాయి.

మురుగును శుభ్రం చేసేవి ఏవో మందులని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని చేసేవి సూక్ష్మజీవులు. ఏరేషన్ ట్యాంకులో అడుగు నుంచి గాలి ఊదుతుంటే, అవి మలినాన్ని తిని బతుకుతాయి. వాటి గుంపునే స్లడ్జ్ అంటాం. ఆరోగ్యంగా ఉంటే అది చాయ్ రంగులో, తడిమట్టి వాసనతో ఉంటుంది.

ఆ ఏప్రిల్‌లో మా స్లడ్జ్ బూడిద రంగుకు తిరిగింది. భరించలేని కంపు. ఆపరేటర్ ఖాజాభాయ్ గాలి ఊదే బ్లోయర్లు విప్పి చూశాడు. గాలి సరిగానే అందుతోంది. మైక్రోస్కోపు కింద మాత్రం కదలికే లేదు. వేరే ప్లాంటు నుంచి మంచి స్లడ్జ్ తెప్పించి పోస్తే నాలుగు రోజులు బతికి, ఐదో రోజు అదీ చచ్చింది. ట్యాంకర్లు ఆగిపోయాయి. బొగ్గు దుమ్ము క్వార్టర్ల మీదికి లేస్తోంది. ప్లాంటు మూసేద్దామా అని పైవాళ్లు అడగడం మొదలుపెట్టారు.

నా అనుమానం మెకానిక్ షెడ్ల మీదికి పోయింది. మురుగులోకి బ్యాటరీ యాసిడ్ వదులుతున్నారేమోనని అక్కడి నీళ్లు పరీక్షించాను. ఏమీ దొరకలేదు. ఒక్కో మ్యాన్‌హోలే చూసుకుంటూ చివరికి మా గోడ పక్కనే ఉన్నదాని దగ్గరికి వచ్చాను. అందులోని నీళ్లలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేయగానే గొట్టంలోని నీళ్లు పసుపుపచ్చగా మారాయి, అంటే క్లోరిన్ ఉన్నట్టే. మూత చుట్టూ తెల్లటి పొడి.

మర్నాడు పొద్దున నేనూ ఖాజాభాయ్ అక్కడే నిలబడ్డాం. ఒక పెద్దావిడ బకెట్‌తో వచ్చింది, వెనక ఇంకో ఇద్దరు. పెద్దావిడ పేరు మరియమ్మ, దవాఖానలో ఆయాగా చేసి రిటైరైందట. మమ్మల్ని చూసి జంకలేదు.

“మీ కంపుకు మా వాడల పిల్లలు అన్నం తింటలేరు బిడ్డా. ముప్పై ఏండ్లు దవాఖాన మోరీలు గిట్లనే బ్లీచింగు పోసి కడిగిన,” అంది.

మార్చిలో మా బ్లోయర్ రెండు రోజులు చెడిపోయినప్పుడు మొదటిసారి వాసన వచ్చిందట. అప్పటినుంచి ఇరవై ఇళ్ల ఆడవాళ్లు వంతులవారీగా పోస్తున్నారు. పోసినకొద్దీ జీవులు చచ్చి కంపు పెరిగింది, కంపు పెరిగినకొద్దీ ఇంకా పోశారు. ఖాజాభాయ్ పోలీసులకు చెబుదామన్నాడు. నాకూ కోపంగానే ఉంది. కానీ ఆమె చూపులో దాపరికం లేదు. ల్యాబ్‌లోకి రమ్మన్నాను.

పక్క ప్లాంటు నుంచి తెచ్చిన నమూనా ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. సన్నటి కాడల మీద చిన్న గంటల్లాంటి జీవులు చటుక్కున ముడుచుకుంటూ, మళ్లీ మెల్లగా సాగుతున్నాయి. మరియమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

“పాణమున్నది వీటికి.”

తర్వాత మా ట్యాంకు చుక్క పెట్టాను.

“ఇవి కదుల్తలేవేంది?”

“సచ్చిపోయినయ్ అవ్వా. మురికి తినేటివి ఇవే.”

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. తలెత్తి, “కంపు షురువైన్నాడే మేం మీ గేటు కాడికొచ్చినం. వాచ్‌మన్ పొమ్మన్నడు. గీ ముచ్చట గప్పుడెందుకు చెప్పలె?” అని అడిగింది.

వాళ్లు వచ్చిన సంగతే నాకు తెలియదు.

ఆ సాయంత్రమే ఆమె ఇల్లిల్లూ తిరిగి బ్లీచింగ్ ఆపించింది. మేం మళ్లీ స్లడ్జ్ తెప్పించాం. మూడు వారాలకు ట్యాంకు చాయ్ రంగుకొచ్చింది, ట్యాంకర్లు కదిలాయి. ఒక శనివారం మరియమ్మ పదిమందిని వెంటబెట్టుకొచ్చి, మైక్రోస్కోపు దగ్గర వరసలో నిలబెట్టి, ఏం చూడాలో తనే చెప్పింది.

ఆ నెలలో నేను పదకొండు మ్యాన్‌హోళ్ల నీళ్లు పరీక్షించాను, ఒక్క ఇంటి తలుపూ తట్టలేదు. ఇప్పుడు ఏ ప్లాంటులో తేడా వచ్చిందని కబురొచ్చినా, నేను ముందు వెళ్లేది దాని గోడకవతల ఉన్న ఇళ్లకే.