దున్నపోతు మూతి విరుపు

సోంపేటలో మా అక్కావాళ్ల గేదె ఎదకు వచ్చినా అరవదు, పైకి తెలియనివ్వదు. ఈసారీ అదను తప్పితే మరో ఏడాది ఆ ఇంట పాలకు కరువే. అందుకని, పలాసలో జీడిపప్పు వేపితే కవిటిలో తుమ్మే మా దున్నపోతును తోలుకెళ్లాను. అది గేదె మూత్రం వాసన చూసి, పైపెదవి ఎత్తి పళ్లికిలించింది.

"నన్ను సూసి నవ్వుతందేట్రా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"నవ్వు కాదు బావా. ఆ మూత్రంలో అణువులు అంగిట్లో సన్న కన్నాలమ్మట ముక్కు అడుగునున్న సంచిలోకి పోతాయి. అక్కడ ప్రోటీన్లు తాళాల్లాగుంటాయి. సరైన అణువు తగిల్తే మెదడుకి కబురెలిపోద్ది."

"మరి మనకో?"

"మన తాళాలు ఎప్పుడో తుప్పట్టేసినాయి. నేకపోతే మా అక్క నిన్ను సేసుకునేదేటి?"

బావ అలిగి దున్నపోతును తోలుకుపొమ్మన్నాడు. అప్పటికే అది ఎవరి మాటైనా వినే దశ దాటిపోయింది. గేదె ఇప్పుడు చూడితో ఉంది.