ప్రసాద్ గారు వంతెన దాటిన శనివారం

కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన తర్వాతి వసంతంలో, మిషిగన్‌లోని నోవై దగ్గర ఒక రిహాబ్ క్లినిక్‌లో నేను సీనియర్ ఫిజికల్ థెరపిస్టుగా ఉన్నప్పుడు, మా మేనేజర్ నాకో కొత్త డ్యూటీ వేశారు. నెలకు రెండు శనివారాలు స్థానిక వాకింగ్ క్లబ్‌తో కలిసి అడవి బాటల్లో నడవాలి. చికిత్స చివరి దశకు వచ్చిన మా రోగులు కొందరు ఆ నడకల్లో చేరతారు. వాళ్ళు నున్నటి క్లినిక్ నేల మీద కాక గతుకుల నేల మీద ఎలా నడుస్తున్నారో చూసి, సోమవారం నోట్ రాయాలి. నాకంటే ముందు ఆయన ఈ పని చేయమని అడిగిన ఇద్దరు థెరపిస్టులు శనివారాలు వదులుకోలేమన్నారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మా వృత్తి గురించి రెండు మాటలు చెప్పాలి. మన దగ్గర ఫిజియో అని పిలిచే పనే ఇది. అమెరికాలో దీనికి మెట్లున్నాయి. పరికరాలు సర్ది, పడకలు తుడిచే ఎయిడ్ మొదటి మెట్టు. వ్యాయామాలు చేయించే అసిస్టెంట్ ఆ పైన. రోగిని మొదటిసారి పరీక్షించి ప్రణాళిక రాయడం, చివర్లో ‘ఇక ఈయనకు మాతో పనిలేదు’ అని సంతకం పెట్టడం థెరపిస్టు బాధ్యత. ఆ చివరి సంతకాన్ని డిశ్చార్జ్ అంటాం. ఎముక అతికిందని సర్జన్ చెబుతాడు. మనిషి నడవగలడని చెప్పాల్సింది మేమే.

ఆ వసంతంలో నాకు డిశ్చార్జ్ కొరుకుడుపడని రోగి ఒకాయన ఉన్నారు. పేరు ప్రసాద్, యాభై దాటిన మనిషి. కరీంనగర్ నుంచి వచ్చి, కార్ల కంపెనీల్లో ఇంజినీరుగా డెట్రాయిట్ చుట్టుపక్కలే ఉద్యోగ జీవితమంతా గడిపారు. జనవరిలో డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తూ, కంటికి కనిపించని నల్ల మంచు మీద జారి పడ్డారు. మోకాలి కింది ఎముక విరిగితే ప్లేటు వేసి మరలు బిగించారు. ఎక్స్‌రే చక్కగా ఉంది. మోకాలు పూర్తిగా వంగుతోంది, కండ బలం దాదాపు రెండో కాలితో సమానంగా ఉంది. మా క్లినిక్ మెట్లు చకచకా ఎక్కి దిగుతారు. కాని బయట పార్కింగ్ లాట్‌లో తారు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చాలు, ఆగిపోతారు.

“ఇంట్ల అయితే మంచిగనే నడుస్తున్న, శారద గారు. బయటికొస్తే ఈ కాలు నాది కానట్టే ఉంటది,” అనేవారు.

పడి దెబ్బ తిన్నవాళ్ళలో ఈ భయం మామూలే. దీనికి మాకు కొన్ని ఉపాయాలున్నాయి. ధ్యాసంతా కాలి మీదే పెట్టిన మనిషి బిగుసుకుపోతాడు. ధ్యాస మరోచోటికి మళ్ళితే శరీరం తన పని తాను చేసుకుంటుంది. అందుకని నడిపిస్తూ బంతి విసురుతాం, వెనక్కి లెక్కపెట్టమంటాం. ప్రసాద్ గారిని వంద నుంచి ఏడేడు చొప్పున తగ్గిస్తూ చెప్పమంటే గడగడా చెప్పేసి, గతుకు రాగానే ఠక్కున ఆగేవారు. లెక్క మాత్రం తప్పేది కాదు.

ఆయన మెడికల్ లీవు ముగింపుకి వస్తోంది. పనిలోకి వెళ్తే కొత్త కార్లను నడిపి పరీక్షించే టెస్ట్ ట్రాక్ పక్కన కంకర మీద తిరగాలి, కార్ల కింద గోతుల్లోకి నిచ్చెన దిగాలి. కొన్నేళ్ళుగా ఆయన చేస్తున్న పనిని వేరే వాళ్ళకి ఇచ్చి, ఆయన్ని ఆఫీసులో కూర్చోబెడతామని కంపెనీవాళ్ళు మర్యాదగానే సూచించారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. అందుకే మే నెల చివర్లో ఒక శనివారం నడకకు ఆయన పేరు నేనే రాశాను.

నడకకు ఆయన భార్య ఉమ గారు కూడా వచ్చారు. వీపు సంచిలో అందరికీ సరిపడా పులిహోర తెచ్చారు. దారి చివర పచ్చిక మైదానంలో భోజనాలని క్లబ్‌వాళ్ళు ముందే చెప్పారు. నడకకు లీడర్ క్యారల్. డెబ్బయ్యేళ్ళావిడ, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పిల్లల్ని లెక్కపెట్టినట్టే బయలుదేరే ముందు మా తలలు లెక్కపెట్టేది. క్లబ్ నియమం సులువు. లీడర్‌ని దాటి ఎవరూ ముందుకు పోకూడదు, అందరికంటే వెనక నడిచే స్వీప్ కంటే ఎవరూ వెనకబడకూడదు. ఆ రోజు స్వీప్ నేనే. మేనేజర్ నాకు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. క్లినిక్‌లో రోగి నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, వెనక పట్టుకుని నడిపిస్తాం. ఇక్కడ ఆ బెల్టు తేకూడదు. ఇది చికిత్స కాదు, పరిశీలన మాత్రమే. పడబోతే పట్టుకోవచ్చు గాని, పడతారేమోనని ముందే పట్టుకోకూడదు.

మొదటి మైలు బాగానే సాగింది. ట్రిల్లియం పూల కాలం అయిపోవస్తోంది. తెల్లగా పూసి, వాడేముందు గులాబీ రంగుకి తిరిగే పూలవి. ఉమ గారు వాటికి ఫొటోలు తీస్తూనే, ఒక కన్ను భర్త పాదాల మీద ఉంచారు.

“మెల్లగ... అగో అక్కడ వేరుంది. ఏమండీ, కిందికి చూసి నడువుండ్రి.”

“ఉమా, నువ్వు జర ఊకో,” అన్నారాయన. చేతుల్లో రెండు నడక కర్రలున్నాయి. వాటిని నేలలోకి గుచ్చి గుచ్చి వేస్తున్నారు. ఉమ గారు జాగ్రత్త చెప్పిన ప్రతిసారీ ఆయన అడుగు అర జానెడు చిన్నదవడం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఆవిణ్ణి ఆపమనాలని ఉంది. కాని జనవరి నుంచి ఆయన్ని మంచం మీంచి లేపి, దింపి, కారెక్కించిన మనిషి ఆవిడే. ఏం చెప్పను?

తర్వాత వాగు వచ్చింది. దాని మీద రెండు పొడుగాటి దూలాలు, వాటిపై అడ్డపలకలు, ఒక పక్కన మాత్రం చేత్తో పట్టుకోడానికి ఇనప తాడు. కింద నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. కాని వేగంగా, నల్లగా పారుతున్నాయి. క్యారల్ ముందు దాటింది. ఆమె వెనక సగం మంది వరసగా దాటారు. వంతెన కిందికీ పైకీ ఊగింది. ప్రసాద్ గారు మొదటి పలక ముందు ఆగిపోయారు.

నేను ఆయనకు చేతికందే దూరంలో నిలబడ్డాను. తొందరేమీ లేదన్నాను. వెనక ఉన్నవాళ్ళు మంచి మనసుతోనే తలో మాటా అందుకున్నారు. మీరు చేయగలరని ఒకరు, కిందికి చూడొద్దని ఇంకొకరు, నా చెయ్యి పట్టుకోండని మరొకరు. ఆయన కర్ర ఒకటి పలక మీద పెట్టి, తీసేశారు.

“నా వల్ల కాదు. మీరు పోండి, నేను వెనక్కి పోత.”

క్యారల్ వెనక్కి వచ్చి సంగతి చూసి, రోడ్డు మీదుగా పార్కింగ్‌కి వేరే దారి ఉందని, సిగ్గుపడాల్సిందేం లేదని చెప్పింది. ఉమ గారు పులిహోర సంచి దించి, మీరు తీసుకెళ్ళండంటూ ఆమె చేతికివ్వబోయారు. ఆవిడ ముఖం చూసి నాకు చాలా బాధేసింది. సోమవారం నేను రాయబోయే నోట్ నాకు అప్పుడే కళ్ళ ముందు కనిపించింది: గతుకు నేల మీద స్వతంత్రంగా నడవలేరు. ఆ వాక్యం కంపెనీకి చేరితే ఆయన టెస్ట్ ట్రాక్ ముఖం మళ్ళీ చూడరు.

మేము పక్కకు తప్పుకోగానే మిగతా సగం మంది దాటడం మొదలుపెట్టారు. ఎండ ఎక్కుతోంది, మైదానంలో భోజనం ఎదురుచూస్తోంది. అందరూ ఒకరి వెనక ఒకరు దగ్గరగా, చురుగ్గా అడుగులేశారు. వంతెన ఈసారి మరీ ఎక్కువగా ఎగిరింది. మధ్యలో ఉన్న ఒకావిడ కెవ్వున అరిచి తాడు పట్టుకుంది.

“స్టాప్!” అని ప్రసాద్ గారు అరిచారు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. టెస్ట్ ట్రాక్ మీద కారుని ఆపే గొంతు కాబోలు. అందరూ బిగుసుకుపోయారు. అడుగులు కలిపి వేయకండి, ఒక్కొక్కరే, మధ్యలో దూరం ఉంచి నడవండని ఇంగ్లిషులో గట్టిగా చెప్పారు. వాళ్ళు అలాగే చేశారు. ఊపు తగ్గిపోయింది.

వంతెన విరిగిందా, పార్కువాళ్ళకి ఫోన్ చేయాలా అని క్యారల్ అడిగింది.

ప్రసాద్ గారు కర్రలు రెండూ పక్కనున్న చెట్టుకి ఆనించారు. గట్టు అంచుకు వెళ్ళి, ఒక మోకాలు నేల మీద ఆన్చి, దూలం కిందికి తొంగి చూశారు. సర్జరీ అయ్యాక మోకాళ్ళ మీద కూర్చోడం అదే మొదటిసారి. క్లినిక్‌లో మెత్తటి దిండు మీద కూడా వద్దన్న మనిషి! నేను ఉమ గారి వైపు చూశాను. ఆవిడ నోరు తెరవబోతుంటే వేలు పెదవులకు ఆన్చి సైగ చేశాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు జాకెట్ కాలర్ని పైకి లాక్కున్నారు.

దూలాలు బాగున్నాయని ఆయన క్యారల్‌కి చెప్పారు. ఆ తర్వాత నాకూ ఉమ గారికీ తెలుగులో వివరించారు. “ఇది విరిగేది కాదండి, రెసొనెన్స్. ప్రతి వస్తువుకీ తనదైన ఊపు ఒకటి ఉంటది. మనుషులు లైన్‌ల నడిస్తే తెలియకుండానే అడుగులు కలుస్తయి. ఆ అడుగూ ఈ ఊపూ ఒకటైనయంటే ఇగ ఇట్లనే ఎగురుతది. కారు స్టీరింగ్ వణికేది కూడా ఇందుకే. నా పనే అది.”

చెబుతూ చెబుతూ పలక మీదికి ఎక్కారు. మడమతో కొట్టి చూశారు. ఇంకో రెండు పలకలు దాటి మళ్ళీ కొట్టారు. ఎక్కడ ఎక్కువ ఊగుతుందో చూడాలన్నట్టు మధ్యదాకా వెళ్ళి, రెండు కాళ్ళ మీదా బరువు వేసి, మోకాళ్ళు వంచి లేపి వంతెనని కావాలనే ఊపారు. నేను వెనకే ఉన్నాను. చేతులు ముందుకి సాచి, తాకకుండా. ఇరవై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో తాకకుండా ఉండడం అంత కష్టమైంది ఎప్పుడూ లేదు.

“ఇక్కడే పీక్. ఉమా, రా. నీ అడుగెట్ల ఉందో చూస్త.”

ఉమ గారు గట్టు మీదే ఉండిపోయారు. తనకూ నీళ్ళంటే భయమేనని ఆవిడ అప్పుడు బయటపెట్టారు. “నేను రాను. నాకు కళ్ళు తిరుగుతయి,” అన్నారు. ప్రసాద్ గారు వంతెన మధ్యలో నిలబడి, చెయ్యి చాచి, నా క్లినిక్ పాఠాలన్నీ ఆవిడకు అప్పజెప్పారు. కాలి వంక చూడొద్దన్నారు, తనను చూడమన్నారు, ఊపిరి బిగపట్టొద్దన్నారు. ఆవిడ తాడు పట్టుకుని, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, నన్ను దాటి వచ్చి ఆయన చెయ్యి అందుకున్నారు. ఇద్దరూ అవతలి గట్టు చేరారు. వాళ్ళ వెనకే నేనూ క్యారల్ దాటాం. క్యారల్ తలలు లెక్కపెట్టింది.

మైదానం వైపు పది గజాలు నడిచాక ప్రసాద్ గారు ఆగి, “నా కర్రలేవి?” అన్నారు.

చెట్టుకి ఆనించి ఉన్నాయి, అవతల. నేను తెస్తానంటే వద్దన్నారు. ఆయనే మళ్ళీ వంతెనెక్కారు. సరిగ్గా మధ్యకు వచ్చాక ఆగిపోయారు. కిందికి, నీళ్ళలోకి చూశారు. ఎక్కడున్నారో అప్పుడే తెలిసినట్టుంది. గట్టు మీద ఉమ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు, గట్టిగా.

ఆయన తలెత్తి మా వైపు తిరిగి చూశారు. “అరే,” అన్నారు. అంతే. తర్వాత అవతలికి వెళ్ళి, కర్రలు తీసుకుని, వాటిని నేలకు ఆన్చకుండా చంకలో పెట్టుకుని తిరిగొచ్చారు.

పులిహోర చాలలేదు. క్యారల్ రెండోసారి అడిగేసరికి డబ్బా ఖాళీ.

సోమవారం నోట్ రాశాను. వంతెన దాటించడానికి ఏ పద్ధతి వాడావని మా మేనేజర్ అడిగారు. నేనేమీ చేయలేదని, రోగి వంతెనను పరీక్షించాడని, పరీక్షిస్తూ దాటాడని చెప్పాను. ఆయన నవ్వి, అదే వాక్యం ఉంచమన్నారు. మరి రెండు నడకల తర్వాత డిశ్చార్జ్ సంతకం పెట్టాను. ప్రసాద్ గారు తన పాత పనిలోనే చేరారు. కంకర మీద మొదటి వారం కష్టంగా ఉందని, రెండో వారం మర్చిపోయానని ఫోన్లో చెప్పారు.

మొదటి రోజు పరీక్షలో రోగి వృత్తి రాసుకోడానికి మాకు ఒక గడి ఉంటుంది. అంతవరకు నేను అందులో ‘ఇంజినీర్’ అనో ‘టీచర్’ అనో ఒక్క మాట రాసి, మోకాలి కొలతలకు వెళ్ళిపోయేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ గడి దగ్గర ఆగి, మీరు రోజంతా ఏం చూస్తారు, దేన్ని సరిచేస్తారు అని అడగడం అలవాటు చేసుకున్నాను. అందరి విషయంలో అది పనిచేయలేదు. ఒక టాక్స్ అకౌంటెంట్‌ని మెట్ల దగ్గర ఆయన పని గురించి అడిగితే, ఆయన చెప్పడానికి అక్కడే కూర్చుండిపోయారు. పనిచేసిన చోట మాత్రం బంతులకంటే, లెక్కలకంటే బాగా పనిచేసింది. మేం కల్పించి ఇచ్చే పనికి మనిషి ధ్యాస సగమే వెళ్తుంది. తనకు నిజంగా వచ్చిన పని ఎదురైతే మొత్తం వెళ్తుంది. కొత్తగా చేరే థెరపిస్టులకు ఇప్పటికీ నేను చెప్పేది ఇంతే: కాలిని కొలిచే ముందు మనిషి పని ఏమిటో కనుక్కోండి, ఆ సమయం వృథా పోదు.