చెర్రీకి గేదె క్షవరం

ఉంగుటూరు నుంచి జి. కొండూరు దాకా ఎవరి గేదెకు క్షవరం చేయించాలన్నా పెద్దిరాజుకే కబురు వెళ్లాలి. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఎండలు ముదరకముందే గేదె ఒళ్లు గొరిగి ఆముదం పట్టిస్తే పేలు పోతాయి, ఒంటికి చలవ చేస్తుంది. నుదుటి మీద జుట్టు, తోక చివర కుచ్చు మాత్రం వదిలేయాలి. అది గేదెకు మనమిచ్చే మర్యాద. నలభై ఏళ్లలో పెద్దిరాజు కత్తి ఏ గేదె ఒంటి మీదా గాటు పెట్టలేదు. ఏం లాభం? గొరిగించుకున్న గేదె ఒక్కటైనా అతనికేసి తిరిగి చూసిన పాపాన పోలేదు. లేచి, ఒళ్లు దులుపుకుని, తిన్నగా బురదగుంటలోకి నడిచేది. అతని జీవితంలో ఉన్న పెద్ద బాధ అదొక్కటే.

మిగతా రోజుల్లో నూజివీడు మామిడికాయల వ్యాపారి ప్రభాకరరావు గారి తోటకు అతను కాపలా. భార్య కృష్ణవేణి, తను, తోటలోనే ఒక రేకుల ఇల్లు. కొలువు పోతే ఇల్లూ పోతుంది.

ఆ ఏడు చిన్నరసాలు కోతకొచ్చే వేళకు ప్రభాకరరావు గారు, భార్య భారతి కాశీ ప్రయాణం కట్టారు. భారతి తన కుక్కను పది రోజులకు తోటలో దింపింది. పూడుల్ అట. ఒళ్లంతా నల్లటి ఉంగరాల జుట్టు. పేరు చెర్రీ.

"ఈ జాతికి వెంట్రుక రాలదు పెద్దిరాజూ, పెరుగుతూనే ఉంటుంది. నెలకోసారి విజయవాడ తీసుకెళ్లి నేనే దగ్గరుండి కత్తిరింపిస్తా. నువ్వు దువ్వితే చాలు. కత్తెర తగిలిందో, మీరిద్దరూ మూటాముల్లె సర్దుకోండి," అంది భారతి. కారెక్కబోతూ వెనక్కి వచ్చి, "ఇంకోటి. దానికి బాగా ఇష్టమైనవాళ్ల ఒళ్లో ఎడమకాలి చెప్పు తెచ్చి పెడుతుంది. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పెట్టదు," అని మురిసిపోయింది.

చెర్రీ వచ్చిన రోజే తోటంతా తనదే అనుకుంది. రాలిన కాయ కనబడితే చాలు, పంటిగాటు పడకుండా నోట కరుచుకొచ్చి పెద్దిరాజు ముందు పెట్టేది. "నువ్వు వల కట్టిన చిక్కంతో కోసినా ఇంత పదిలంగా దింపవు," అని కృష్ణవేణి మొగుణ్ణి దెప్పింది.

కాయతో పాటు సొన, సొనతో పాటు ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు. అన్నీ ఆ జుట్టులోనే చేరాయి. పెద్దిరాజు పొద్దున్నా సాయంత్రం దువ్వాడు. ఒక దువ్వెనకు పళ్లు ఊడాయి, రెండోది రెండు ముక్కలైంది. ఏడో రోజుకు జుట్టంతా కంబళిలా అట్ట కట్టేసింది. కింద చర్మం ఎర్రగా కంది పుండవుతోంది. చెర్రీ అన్నం ముట్టలేదు, మూలన పడుకుని సన్నగా మూలుగుతోంది. పెద్దిరాజు అమ్మగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఆవిడ గంగలో మునకలేస్తోందో ఏమో, ఎత్తలేదు.

"ఏం చేద్దామే?"

"నన్నడుగుతావేంటయ్యా? ముట్టుకుంటే ఇల్లు పోద్ది. ముట్టుకోకపోతే అది పోయేలా ఉంది."

పెద్దిరాజు లేచి కత్తి నూరాడు. అతనికి వచ్చిన క్షవరం ఒక్కటే. అదే చేశాడు. కంబళి కిందినుంచి కుక్క బయటికొచ్చేసరికి మొగుడూ పెళ్లాలు వంగి చూశారు. ఓరి నాయనో, ఇంతేనా! జుట్టు పోయాక మిగిలింది పిల్లి అంత. అలవాటు చొప్పున ఆముదం కూడా పట్టించాడు. చెర్రీ లేచి, దులుపుకుని, రెండు గిన్నెల పెరుగన్నం తినేసింది.

పదో రోజు కారు వచ్చింది. చెర్రీ ఎగిరి భారతి మీదకు దూకింది.

"ఛీ ఛీ! ఈ దున్నపిల్లేంటి మీద పడుతోంది? నా చెర్రీ ఏది?"

"అదేనండి, అమ్మగారూ."

"ఏది?"

పెద్దిరాజు లోపలికి పోయి గోనెసంచి తెచ్చాడు. "మీ చెర్రీయేనండి. కొంచెం ఇందులో ఉంది, కొంచెం అదిగో, మీ కాళ్ల దగ్గరుంది."

భారతి సంచిలోని జుట్టు చూసి ఘొల్లుమంది. "అబద్ధం! దాన్ని ఎక్కడో పోగొట్టి ఊరకుక్కను చూపిస్తున్నారు! ఇవాళే ఇల్లు ఖాళీ చేయండి!" అంటూ ఇంటి ముందున్న నులకమంచం మీద కూలబడింది. పెద్దిరాజు సంచి పక్కనే నేల మీద చతికిలపడ్డాడు. కృష్ణవేణి అప్పుడే లోపలికెళ్లి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

ఏడుస్తున్న భారతి ఎడమకాలి నుంచి ఎవరో చెప్పు లాగారు. ఏడుపు టక్కున ఆగింది. "చెర్రీ!" అని రెండు చేతులూ చాచింది. చెర్రీ చెప్పు కరుచుకుని, ఆ చేతుల పక్కనుంచే నడిచి వెళ్లి, పెద్దిరాజు ఒళ్లో పెట్టింది.

అమ్మగారి చెప్పు ఒళ్లో పెట్టుకుని పెద్దిరాజు బిగుసుకుపోయాడు. కారు దగ్గర నిలబడ్డ ప్రభాకరరావు గారు మాత్రం, "ఐదేళ్లుగా తిండి పెడుతున్నానే! నా ఒళ్లో ఒక్కసారి పెట్టిందా?" అని వాపోయారు.

భారతి ఒంటికాలి చెప్పుతో వచ్చి కుక్క పక్కన కూర్చుంది. చెవుల వెనక, మెడ కింద, పొట్ట మీద తడిమి చూసింది. పల్లేరు గుచ్చిన మచ్చలు మానుతున్నాయి. కత్తిగాటు ఒక్కటీ లేదు.

"తోక మీద కుచ్చెందుకు ఉంచావు?"

"అది మర్యాదండీ."

"విజయవాడలో ఆ కుచ్చు కోసం గంటసేపు కూర్చోబెడతారు నన్ను," అని ముక్కు చీదింది. "వచ్చే నెల నుంచి నువ్వే చెయ్యి. ఆముదం మాత్రం వద్దు, నా చీరంతా పాడైంది. ముందు నా చెప్పు ఇటివ్వు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

కారు కదిలింది. గొరిగించుకున్నవాళ్లు ఎలా వెళ్తారో పెద్దిరాజుకు తెలుసు, అందుకే సంచి మడుచుకుంటూ తల దించుకున్నాడు. ఎందుకో ఉండబట్టలేక ఎత్తి చూశాడు. కారు వెనక అద్దంలో నుదుటి జుట్టు ఒకటి అటూ ఇటూ ఊగుతోంది. చెర్రీ అతన్నే చూస్తోంది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"ఏడుస్తున్నావేంటయ్యా?" అంది కృష్ణవేణి.

"ఏడుపా, పాడా! ఆముదం కంట్లో పడింది."